తరంగాలు, కాంతి పాఠం: తాడుతో మొదలుపెట్టాలా, లెన్సుతోనా? సోడియం దీపమా, లేజరా?

మొదటి రోజు క్లాసులోకి వెళ్లగానే పుస్తకం టేబుల్ మీద పెట్టి మళ్లీ బయటికి వచ్చేస్తాను. వరండాలో గోడ చాటున నిలబడి, "వినబడుతున్ననా?" అని అడుగుతాను. "వినబడుతున్నరు సార్" అంటారు. "కనబడుతున్ననా?" "లేదు సార్." "మరి నా మాట మూల తిరిగి మీ దాకా వచ్చింది గదా, వెలుగు ఎందుకు తిరగలేదు?" ఆ ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పను. సెమిస్టర్ సగం గడిచాక వాళ్లే చెప్తారు.

కాకతీయ యూనివర్సిటీ పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో బీఎస్సీ పిల్లలకు తరంగాలు, కాంతి పేపర్ చెప్పబోయే కొత్త లెక్చరర్లు ప్రతి ఏడాదీ దాదాపు ఇవే సంగతులు అడుగుతారు. ముందు ఏ భాగం చెప్పాలి? ల్యాబ్‌కు ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఏం కొనాలి? సిమ్యులేషన్ చూపిస్తే సరిపోదా? తెలుగులో చెప్పాలా, ఇంగ్లీషులో చెప్పాలా? హనుమకొండలో ఏళ్ల తరబడి ఇదే పాఠం చెప్తూ నేను ఒక కొలబద్ద పెట్టుకున్నాను. పిల్లలు తమ చేత్తో ఒకదాన్ని మార్చి, దానివల్ల ఇంకొకటి ఎలా మారిందో తమ కంటితో చూడగలరా? ఏ రెండింటి మధ్య ఎంచుకోవాల్సి వచ్చినా ఈ ప్రశ్నే వేసుకుంటాను.

ముందు కాంతా, ముందు తరంగాలా

కిరణాలు, లెన్సులు, పట్టకాలతో మొదలుపెట్టే పద్ధతికి ఒక సుఖం ఉంది. ఇంటర్‌లో చదివిందే కాబట్టి పిల్లలకు బెరుకు ఉండదు, మొదటి వారంలోనే లెక్కలు చేస్తారు. చిక్కు తర్వాత వస్తుంది. కాంతి తిన్నగా పోతుందన్న మాట వాళ్ల బుర్రలో అంత గట్టిగా కూర్చున్నాక, వివర్తనం (అడ్డం అంచుల దగ్గర అల వంగి పరుచుకోవడం) దగ్గరికి వచ్చేసరికి అదేదో మినహాయింపులా, పరీక్ష కోసం గుర్తుపెట్టుకోవాల్సిన వింతలా తోస్తుంది.

తాడు, శబ్దం, నీళ్ల అలలు, ఆ తర్వాతే కాంతి: ఈ వరసలో వెళ్తే నాలుగైదు వారాల దాకా కాంతి మాటే రాదు. "సార్, సిలబస్ అయితదా?" అని పిల్లలూ, హెచ్‌ఓడీ కూడా కంగారు పడతారు. అయినా నేను ఈ వరసనే ఎంచుకుంటాను, కారణం గోడ చాటు ప్రశ్నలోనే ఉంది. 340 హెర్ట్జ్ దగ్గర పలికిన గొంతు తరంగదైర్ఘ్యం సుమారు ఒక మీటరు, అంటే దాదాపు తలుపు వెడల్పంత. అందుకే శబ్దం తలుపు దాటగానే పరుచుకుంటుంది. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు అర మైక్రోమీటరు, అంటే శబ్దం కన్నా ఇరవై లక్షల రెట్లు చిన్నది. దాని లెక్కన మన తలుపు ఒక మహా మైదానం. ఈ పోలిక పిల్లలకు అందిన రోజున, కాంతి తిన్నగా పోవడమన్నది తరంగాలకే ఒక ప్రత్యేక సందర్భంగా కనిపిస్తుంది. కిరణాలు ముందు చెప్పినవాళ్లు ఇక్కడికి రావడానికి పాత పాఠాన్ని విప్పి మళ్లీ అల్లుకోవాలి.

చరిత్రతో మొదలుపెట్టే మూడో దారి ఒకటుంది. 1690లో హైగెన్స్ గ్రంథం, 1704లో న్యూటన్ గ్రంథం, 1801లో యంగ్, 1818 నాటి ఫ్రెనెల్ సిద్ధాంతం. కథ రక్తి కడుతుంది గానీ, తరంగమంటే ఏమిటో చేతికి తెలియని పిల్లలకు కాంతి తరంగమనే, కణమనే రెండు పార్టీల కొట్లాటలా మిగిలిపోతుంది. నేను ఒక్క ఘట్టం మాత్రం వివర్తనం రోజుకు దాచుకుంటాను. ఫ్రెనెల్ సిద్ధాంతమే నిజమైతే గుండ్రటి అడ్డం నీడ నట్టనడుమ వెలుగు చుక్క పడాలి, అది అసంబద్ధం అన్నాడు గణిత శాస్త్రవేత్త పాయిజాన్. ఆరగో అనే మరో శాస్త్రవేత్త ప్రయోగం చేసి చూస్తే చుక్క ఉంది. సైకిల్ బేరింగు గుండు ఒకదాన్ని గాజు పలకకు అంటించి, లేజర్ కాంతిని చిన్న లెన్సుతో విప్పార్చి దాని మీద వేస్తే చీకటి గదిలో ఆ చుక్క ఇప్పటికీ కనిపిస్తుంది.

తాడు, స్లింకీ, కంప్యూటర్ బొమ్మ

ఒకసారి పరకాల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి వరండాలో దండెం తాడు కొస పట్టుకుని, "సార్, జోరుగ ఊపితే జల్ది పోతది గద" అంది. క్లాసులో ముప్పావు వంతు మంది అవునన్నారు. ఈ పొరపాటు మన పిల్లలకే పరిమితమైంది కాదు. అమెరికాలో మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ బోధన మీద పరిశోధించినవాళ్లు అక్కడి విద్యార్థుల్లోనూ ఇదే భావన చూసి 1999లో రాశారు. చెయ్యి ఎంత వేగంగా కదిపితే అల అంత వేగంగా పరిగెడుతుందని, బంతి విసిరినట్టుగా, అనుకుంటారు.

దీన్ని సరిదిద్దడానికి తాడు అంత మంచి సాధనం కాదు. మామూలుగా బిగించి పట్టుకున్న తాడులో అల సెకనుకు పది, ఇరవై మీటర్లు పోతుంది, కన్ను పట్టుకోలేదు. వదులు చేస్తే నడుం జారి నేలకు తగులుతుంది. తాడు గొప్పదనమంతా స్థిర తరంగాల్లో, అంటే ముందుకు పోకుండా ఉన్నచోటే ఊగే అలల్లో ఉంది. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస ఊపుతూ ఒక ఉచ్చు, రెండు ఉచ్చులు, మూడు ఉచ్చులు తెప్పించినప్పుడు, ఏ లయలో ఊపాలో ముందు చేతికి తెలుస్తుంది, సూత్రం తర్వాత వస్తుంది. దానికి తాడును మించింది లేదు.

పరిగెత్తే అలకు మాత్రం స్లింకీ (పొడవుగా సాగే మెత్తటి స్ప్రింగు బొమ్మ) కావాలి. ఒకేలాంటివి రెండు కొనండి, ఒకటి సరిపోదు. వరండా నున్నటి నేల మీద రెండింటినీ పక్కపక్కన ఒకే పొడవుకు సాగదీయండి. ఇద్దరు పిల్లలు ఒకేసారి, ఒకరు చురుగ్గా, ఒకరు మెల్లగా పక్కకు కదపాలి. చేతులు కదిలే ముందే ఏది ముందు చేరుతుందో ప్రతి ఒక్కరూ నోట్‌బుక్‌లో రాయాలి, ఇందులో మినహాయింపు ఇవ్వకండి. రెండు అలలూ ఇంచుమించు కలిసే చేరతాయి. చురుగ్గా కదిపినది సన్నగా, మెల్లగా కదిపినది వెడల్పుగా ఉంటుంది, తేడా అంతే. ఫోన్‌లో స్లో మోషన్ తీస్తే వాదనకు చోటుండదు. వేగాన్ని నిర్ణయించేవి బిగువు, మీటరు పొడవుకు ఎంత బరువు అన్న ఈ రెండే. మన డప్పు కళాకారులు వాయించే ముందు మంట దగ్గర డప్పు కాపేది ఈ బిగువు కోసమే అని ఇక్కడ చెప్తే చాలు. తోలు బిగుస్తుంది, అందులో అల వేగం పెరుగుతుంది, నాదం పైకి లేస్తుంది. క్లాసులో డప్పు తెలియని పిల్లలు ఉండరు.

స్లింకీ ఇంకో బహుమతి కూడా ఇస్తుంది. దాన్ని రెట్టింపు పొడవుకు సాగదీసి మళ్లీ చేయండి. దూరం రెట్టింపైంది, మరి అల చేరడానికి పట్టే కాలం? దాదాపు మారదు. సాగదీసినకొద్దీ బిగువు పెరుగుతుంది, మీటరుకు బరువు తగ్గుతుంది, వేగం పొడవుతో పాటే పెరుగుతుంది. ఇది చూశాక వర్గమూలం కింద బిగువు, దాని కింద బరువు అన్న సూత్రం వాళ్లే అడిగి రాయించుకుంటారు.

ఇక సిమ్యులేషన్లు. కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ఫెట్ (PhET) అనే సిమ్యులేషన్ల ప్రాజెక్టు వాళ్లవి ఉచితం, దించుకుంటే నెట్ లేకుండా కూడా నడుస్తాయి. ఘర్షణ సున్నా చేయొచ్చు, కాలాన్ని ఆపొచ్చు, రెండు అలలు ఒకదాన్నొకటి దాటిపోయేటప్పుడు ఏమవుతుందో అంగుళం అంగుళం చూడొచ్చు. నిజం తాడు ఇవేవీ ఇవ్వదు. కానీ వీటితోనే మొదలుపెడితే పిల్లలు సినిమా చూసినట్టు చూస్తారు. తెర మీద జరిగేదానికి వాళ్లు ఆశ్చర్యపోరు, ప్రోగ్రాం రాసినవాళ్లు అలా రాశారనుకుంటారు. నేల మీద స్లింకీ అయ్యాక, అక్కడ పూర్తిగా కనబడనిదాన్ని చూడ్డానికి తెర దగ్గరికి వెళ్లండి. నీళ్ల అలల తొట్టి విషయంలో మాత్రం నా సలహా వేరు. అద్దం పలక అంచులకు ఎం-సీల్ పెట్టి తొట్టి చేసి, పైనుంచి ఫోన్ టార్చ్ వేసి, కింద తెల్ల కాగితం పరిస్తే ఒక్క వేలి అల బాగా కనిపిస్తుంది. రెండు బిందువుల నుంచి వచ్చే అలల వ్యతికరణం (కలిసి కొన్నిచోట్ల పెరగడం, కొన్నిచోట్ల ఆరిపోవడం) స్థిరంగా కనబడేలా చేయాలంటే ఒక పూట పోతుంది. అంత సమయం లేకపోతే వ్యతికరణ భాగం సిమ్యులేషన్‌లోనే చూపించండి.

శబ్దం దగ్గర ఫోనే మేలు

అనునాద నాళికకు (గాలి స్తంభాన్ని మోగించే గొట్టానికి) శ్రుతి దండమా (ట్యూనింగ్ ఫోర్కా), ఫోన్ యాప్ పుట్టించే స్వరమా అంటే నేను ఫోన్‌నే ఎంచుకుంటాను. దండం నాదం క్షణాల్లో నీరసిస్తుంది, ఫోన్ ఎంతసేపైనా పలుకుతుంది, పౌనఃపున్యం కావలసినట్టు మార్చుకోవచ్చు. ప్రాక్టికల్ పరీక్షలో దండమే ఇస్తారు కాబట్టి ఒక్క రోజు అదీ చేయించండి. అసలు పాఠం నల్లా కింద బిందె దగ్గరే ఉంది. బిందె నిండుతున్నకొద్దీ చప్పుడు సన్నబడుతుంది, నీళ్లు పైకి వచ్చి గాలి స్తంభం పొట్టిదవుతుంది కాబట్టి. నిండిందో లేదో చూడకుండానే వంటింట్లోంచి అమ్మ చెప్పగలిగేది ఇందుకే. మరో సంగతి: మన దగ్గర జనవరి ఉదయం 15 డిగ్రీల్లో శబ్ద వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు, ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల్లో సుమారు 355. రెండు బ్యాచ్‌లకు వేర్వేరు జవాబులు వస్తే దోషమనుకోకుండా గోడ మీది ఉష్ణమాపకం చూడమనండి.

డాప్లర్ ప్రభావానికి కాజీపేట రైల్వే జంక్షన్ పక్కనే ఉండటం మన అదృష్టం. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో హారన్ కొడుతూ వెళ్లే బండి మనల్ని దాటగానే ఆ స్వరం సుమారు 15 శాతం పడిపోతుంది. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌తో దాన్ని కొలవొచ్చు. 1845లో నెదర్లాండ్స్‌లో బైస్ బలోట్ రైలు మీద బాకాలు ఊదేవాళ్లను ఎక్కించి, కింద సంగీతం తెలిసిన చెవులను నిలబెట్టి ఇదే పరీక్షించాడు. పిల్లలను పట్టాల దగ్గరికి పంపకండి, కంచెకు ఇవతల నుంచి రికార్డు చేసినా సరిపోతుంది.

సోడియం దీపమా, లేజరా

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే, కాబట్టి నింపాదిగా చెప్తాను.

మన ల్యాబ్‌లలో వ్యతికరణం అంటే న్యూటన్ వలయాలు, గాజు పలక మీద లెన్సు పెట్టినప్పుడు నడుమ గాలి పొర వల్ల కనిపించే వెలుగు, చీకటి వలయాలు. సోడియం దీపం మొదట ఎర్రగా వెలిగి, పూర్తి పసుపులోకి రావడానికి పది నిమిషాల దాకా పడుతుంది. ఆ తర్వాత గాజు పలక 45 డిగ్రీలకు వంచాలి, ట్రావెలింగ్ మైక్రోస్కోపు ఫోకస్ చేయాలి, లెన్సు మీది దుమ్ము తుడవాలి. వలయాలు దొరికాక అవి చిన్నవి. ఒక మీటరు వక్రతా వ్యాసార్ధం ఉన్న లెన్సుతో పదో నల్ల వలయం వ్యాసం ఐదు మిల్లీమీటర్ల లోపే. ఒక్కరు ఐపీస్‌లో చూస్తుంటే మిగతా ముగ్గురు రీడింగులు రాసుకుంటారు. కొందరు ఏడాది చివరి దాకా ఒక్కసారి కూడా చూడకుండానే రికార్డు పూర్తి చేస్తారు. అది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

ఇప్పుడు లేజర్ చూడండి. చౌరస్తాలో దొరికే ఎర్ర లేజర్ పాయింటర్ ఒకటి, పిల్లల్లో ఎవరిదైనా ఒక తల వెంట్రుక. అట్ట ముక్కకు రంధ్రం చేసి, దాని మీద వెంట్రుకను నిలువుగా టేపుతో అంటించాలి. లేజర్‌ను బల్లకు బిగించి, కాంతి వెంట్రుక మీద పడేలా పెట్టాలి. రెండు మీటర్ల అవతల గోడ మీద చూస్తే, నడుమ ఒక వెడల్పు వెలుగు, అటూ ఇటూ అడ్డంగా వెలుగూ చీకటీ వరస. నల్ల పట్టీల మధ్య దూరం స్కేలుతో కొలవండి, ఒకసారి మాకు 1.8 సెంటీమీటర్లు వచ్చింది. 650 నానోమీటర్లను రెండు మీటర్లతో హెచ్చవేసి దీనితో భాగిస్తే వెంట్రుక మందం 72 మైక్రోమీటర్లు. అదే వెంట్రుకను స్క్రూగేజీలో పెడితే 0.07 మిల్లీమీటర్లు. ఆ రెండు అంకెలు కలిసిన క్షణంలో క్లాసులో వచ్చే సందడి న్యూటన్ వలయాల దగ్గర నేనెప్పుడూ వినలేదు. ఆ వెంటనే ఎవరో ఒకరు లావు వెంట్రుక పెట్టి చూస్తారు, పట్టీలు ఇంకా దగ్గరవుతాయి. అడ్డం సన్నబడితే కాంతి ఎక్కువ పరుచుకుంటుందన్న మాట అక్కడ చేతికి దొరికినట్టే.

పాత సీడీ కూడా అంతే పనికొస్తుంది. దాని మీది గాళ్ల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 625 గాళ్లు. మన ల్యాబ్ గ్రేటింగు అంగుళానికి 15,000 గీతలు, అంటే మిల్లీమీటరుకు సుమారు 590. రెండూ దాదాపు ఒకటే. ఎర్ర లేజర్‌ను సీడీ మీద తిన్నగా వేస్తే మొదటి చుక్క 24 డిగ్రీల దగ్గర పడుతుంది. మీటరు దూరంలో తెర పెడితే నడిమి చుక్క నుంచి సుమారు 44 సెంటీమీటర్లు. కొలవడానికి మైక్రోస్కోపు అక్కరలేదు, టేపు చాలు.

ఇంతగా లేజర్‌ను మెచ్చుకున్నా, దానితోనే ముగించొద్దు. లేజర్ ఒక ముఖ్యమైన కష్టాన్ని దాచేస్తుంది. దానితో దేన్ని కలిపినా పట్టీలు వస్తాయి కాబట్టి, రెండు ట్యూబులైట్లు వేసిన గదిలో గోడ మీద పట్టీలు ఎందుకు రావన్న ప్రశ్న పిల్లలకు తట్టదు. సంబద్ధ జనకాలు (ఎప్పుడూ అడుగు కలిపి నడిచే కాంతి మూలాలు) అన్న మాట పరీక్షలో రాసే పదంగానే ఉండిపోతుంది. సోడియం దీపం ముందు సన్నని చీలిక పెట్టి, బైప్రిజం అనే పలుచని జంట పట్టకంతో ఒకే తరంగాగ్రాన్ని (అల ముందు అంచుని) రెండుగా చీల్చినప్పుడే, ఆ చీలిక వెడల్పు చేస్తే పట్టీలు కరిగిపోవడం కంటితో చూసినప్పుడే, సంబద్ధత అంటే ఏమిటో అర్థమవుతుంది. న్యూటన్ వలయాల్లో చీలిక లేకుండానే పని జరుగుతుంది, అక్కడ విడిపోయేది తరంగాగ్రం కాకుండా కంపన పరిమితి (అల ఎత్తు). ఆ తేడా బైప్రిజం చేసినవాళ్లకు ఒక్క మాటలో చెప్పొచ్చు. పైగా ఆ వలయాలను న్యూటన్ ఎంత శ్రద్ధగా కొలిచాడంటే, దాదాపు వంద ఏళ్ల తర్వాత యంగ్ ఆ కొలతల నుంచే రంగుల తరంగదైర్ఘ్యాలు లెక్కగట్టాడు. అందుకే నా వరస ఇది: వెంట్రుకతో లేజర్, తర్వాత సీడీ, ఆ తర్వాత బైప్రిజం, చివరికి న్యూటన్ వలయాలు.

లేజర్ విషయంలో జాగ్రత్త తప్పనిసరి. చేతిలో పట్టుకుని ఆడనివ్వకండి, బల్లకు బిగించండి, కూర్చున్నవాళ్ల కంటి ఎత్తుకు కిందే ఉంచండి, గడియారాలు, గాజులు తీయించండి. చౌక ఆకుపచ్చ లేజర్లు కొనకండి. వాటిలో కొన్ని కంటికి కనబడని పరారుణ కాంతిని కూడా వదులుతాయి.

ధ్రువణానికి (కాంతి కంపనాలు ఒకే దిశకు పరిమితం కావడానికి) పెద్ద ఆలోచన అక్కరలేదు. రెండు పోలరాయిడ్ ముక్కలు, ఒక క్యాలిక్యులేటర్ తెర ఉంటే చాలు. ముక్కను తెర మీద తిప్పితే అంకెలు మాయమవుతాయి.

తెలుగులోనా, ఇంగ్లీషులోనా

ఇంగ్లీషు మీడియం కాలేజీ అయినా, భూపాలపల్లి, ములుగు, నర్సంపేట ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు ఆలోచించేది తెలుగులోనే. అలాగని తెలుగు అకాడమీ పుస్తకాల పదాలు పట్టుకుంటే గట్టెక్కుతామా? వ్యతికరణం, వివర్తనం, వక్రీభవనం, విక్షేపణం, పరిక్షేపణం, అన్నీ ఒకేలా మోగుతాయి. ఇంగ్లీషులోనూ అదే గోల: రిఫ్లెక్షన్, రిఫ్రాక్షన్, డిఫ్రాక్షన్. రెండు భాషల్లోనూ పదం ముందు వస్తే అర్థం వెనకబడుతుంది. నేను జరిగినదాన్ని వాడుక మాటల్లో చెప్పిస్తాను. "రెండు అలలు ఒకచోట కలిసి పెరిగినయ్, ఇంకోచోట కలిసి ఆరిపోయినయ్" అని వాళ్లు అన్నాక, దీన్నే ఇంటర్‌ఫియరెన్స్ అంటారు, తెలుగులో వ్యతికరణం అంటారు అని రెండూ బోర్డు మీద రాస్తాను. పై చదువులకు, పోటీ పరీక్షలకు ఇంగ్లీషు పదమే కావాలి కాబట్టి రాతలో దాన్నే వాడమంటాను, మాటలో ఏదైనా సరే.

ఒక్క పదానికి మాత్రం విడిగా సమయం ఇవ్వాలి, అది దశ. మన పిల్లలకు దశ అంటే శని దశ, గురు దశ. బతుకమ్మ ఆట గుర్తుచేయండి. చుట్టూ తిరుగుతూ అందరూ ఒకేసారి వంగి ఒకేసారి చప్పట్లు కొడితే అందరిదీ ఒకే దశ. ఒకామె ఎప్పుడూ అర చప్పట వెనకబడితే, ఆమె లయ తప్పలేదు, వేగం తప్పలేదు, దశ మాత్రం వేరు. క్లాసును రెండు వరుసలు చేసి చప్పట్లు కొట్టించండి. పథ భేదం, దశా భేదం చెప్పడానికి ఆ పది నిమిషాలు చాలా ఆదా చేస్తాయి.

బోర్డు మీద ఉత్పాదనా, ప్రశ్నా

ఉత్పాదనలు (సూత్రాలను మెట్టు మెట్టుగా రాబట్టడం) మానలేం, పరీక్షలో అడుగుతారు. గంటంతా అదే చేయడం అనవసరం. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో మొదలుపెట్టిన పద్ధతి మన క్లాసులకు బాగా నప్పుతుంది. ఒక ప్రశ్న, ఎవరికి వారు జవాబు, పక్కవాళ్లతో వాదన, మళ్లీ జవాబు. క్లిక్కర్లు (జవాబు నొక్కే చిన్న రిమోట్లు) అక్కరలేదు, వేళ్లు చూపిస్తే చాలు.

నాకు ఇష్టమైన ప్రశ్న: లెన్సుతో కిటికీ ప్రతిబింబం గోడ మీద పడింది, లెన్సు పై సగం అట్టతో మూస్తే ఏమవుతుంది? గోల్డ్‌బర్గ్, మెక్‌డెర్మట్ 1987లో అమెరికా విద్యార్థుల్లో గమనించినట్టే మన పిల్లల్లోనూ చాలామంది సగం బొమ్మ పోతుందంటారు. మూసి చూపిస్తే బొమ్మ మొత్తం ఉంటుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. కిరణ చిత్రాలు ఇరవై సార్లు గీసినవాళ్లు కూడా ఇక్కడ తప్పుతారు. మనం మూడు కిరణాలే గీస్తాం, కాంతికి అవి మూడే ఉన్నాయని వాళ్లు అనుకుంటారు. వారానికి ఇలాంటి ప్రశ్నలు రెండు చాలు, మిగతా సమయం ఉత్పాదనలకు ఉంచండి.

ఉన్న డబ్బుతో

కొత్త ల్యాబ్‌కు ఏదైనా కొనే అవకాశం వస్తే ముందు రెండు స్లింకీలు, నాలుగు ఎర్ర లేజర్లు, పోలరాయిడ్ షీటు, ప్లాస్టిక్ గ్రేటింగ్ షీటు తీసుకోండి. ఇవన్నీ కలిపినా ఒక్క మంచి స్పెక్ట్రోమీటరు ధరలో చిన్న భాగమే. ఆ తర్వాత బైప్రిజం. ఇంకా మిగిలితే అదనపు సోడియం దీపం ఒకటి. నేను ఒకప్పుడు పనిచేసిన కాలేజీలో ప్రాక్టికల్ పరీక్ష రోజున ఉన్న ఒక్క దీపం వెలగలేదు. న్యూటన్ వలయాలు చీటీ వచ్చిన ఇద్దరు పిల్లలు రెండు గంటలు వరండాలో కూర్చున్నారు, మూడో గంటలో పక్క కాలేజీ నుంచి అడిగి తెచ్చాం. మాటిమాటికీ ఆర్పి వెలిగిస్తే ఈ దీపాలు తొందరగా పాడవుతాయి, ల్యాబ్ నడిచినంతసేపూ వెలగనివ్వండి. అదనంగా కొన్నదాన్ని తెచ్చిన రోజే బిగించి, పూర్తి పసుపు వచ్చేదాకా చూసి, పెట్టె మీద తేదీ రాసి బీరువాలో పెట్టండి.